తొమ్మిదో వీధికి చలువ అందింది

1వ రోజు

తొమ్మిదో వీధి చివరి ఇంట్లో 31 డిగ్రీలు. తెర చెప్పిన లెక్క.

పొద్దున ఇందుమతి నన్ను పిలిచి చలువ వంతుల పేజీని కొత్తగా రాయాలంది. ఊరివాళ్ల చేతి పలకల మీద కనబడే పేజీలన్నీ రాసే తెరల గదికి ఆమే పెద్ద. పాత పేజీ ముప్పై ఏళ్ల కిందట వట్టి జావాస్క్రిప్ట్‌లో చేత్తో రాసింది. రాసినాయన పోయాడు. అందులో ఒక వరుస కదిపితే ఏ వీధి గొట్టం మూసుకుంటుందో ఎవరికీ తెలియదు, కాబట్టి ఎవరూ కదపరు. ఇప్పుడది నెమ్మదించిందని ఊరంతా గొణుగుతోంది. తొమ్మిది వీధులకు తలా నలభై నిమిషాల చొప్పున ఒక చుట్టు ఆరు గంటల్లో పూర్తి కావాలి. నెల రోజులుగా ఏడు గంటలు పడుతోంది. పన్నెండింటికి రావలసిన చల్లగాలి ఒంటిగంటకు వస్తే ఒకటో వీధివాళ్లు మా గుమ్మం ముందు నిలబడి అడుగుతారు. మా గది రెండో వీధిలో ఉంది. వాళ్లకు నాలుగడుగుల దూరం.

"మూడు ఫ్రేమ్‌వర్కుల్లో ఏది మేలో కొలిచి కాగితం మీద పెట్టు. సభకు చూపించాలి," అంది ఇందు.

"నువ్వే చెప్పొచ్చు కదా. పదిహేనేళ్లుగా రియాక్ట్‌లో రాస్తున్నావు."

"నేను చెప్తే అలవాటు కొద్దీ చెప్పిందంటారు. నువ్వు చెప్తే కొలిచి చెప్పిందంటారు. వకుళ తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుందని ఊరందరికీ తెలుసే."

నవ్వాను. అబద్ధమేమీ కాదు. నాలుగో వీధి విశ్వవిద్యాలయంలో మేమిద్దరం ఒకే గది. బయటికి వెళ్లిన ప్రతిసారీ పొయ్యి ఆర్పానా లేదా అని సగం దారిలో ఆగిపోయేదాన్ని. "నేను చూశానే, పద," అనేది. ఇరవై నాలుగేళ్లుగా ఆ మాట పట్టుకుని నడుస్తున్నాను.

4వ రోజు

తొమ్మిదో వీధిలో 31.

పైన నేల మీద ఇవాళ 56 అని పెద్ద బోర్డు చూపిస్తోంది. దాని వైపు ఎవరూ చూడరు. అరవై నాలుగేళ్ల కిందట ఈ ముగ్గురాయి గనిలోకి దిగినవాళ్లు అప్పటి లోకపు ప్రోగ్రాములను పెట్టెల్లో వేసుకుని దిగారు. చాలావి సగమే కాపీ అయ్యాయి. పేజీలు కట్టడానికి ముందే సిద్ధం చేసిన చట్రాల్లో పూర్తిగా, పత్రాలతో సహా దిగినవి మూడే: రియాక్ట్, వ్యూ, స్వెల్ట్. అందుకని మా ఊళ్లో ఆధునిక ఫ్రేమ్‌వర్క్ అంటే ఆ రోజు పెట్టెలో పడిన ఆఖరి కాపీ. దానికి కొత్త వెర్షన్ రాదు. ఒకందుకు మేలే. ఆరు నెలలకోసారి నేర్చుకున్నదంతా మారిపోతోందని అప్పటివాళ్లు ఒకరికొకరు రాసుకున్న ఏడుపులు సరుకుల గదిలో గుట్టలుగా ఉన్నాయి.

వంతుల పేజీనే మూడుసార్లు రాస్తున్నాను. రియాక్ట్‌లో కనిపించేదాన్నీ, జరిగేదాన్నీ ఒకే ఫంక్షన్‌లో కలిపి రాయాలి. ఏదైనా మారితే అది ముందు తనలో తాను కొత్త బొమ్మ గీసుకుని, పాతదాని పక్కన పెట్టి, తేడా ఉన్న చోటే తెరను దిద్దుతుంది. దాని మీద ఉన్నన్ని పుస్తకాలు మరి దేని మీదా లేవు, మా గదిలో అందరికీ వచ్చింది కూడా అదే. వ్యూలో రాసింది మామూలు పేజీలా ఉంటుంది, మధ్యమధ్య కొన్ని గుర్తులు తప్ప. కొత్తగా చేరినవాళ్లు రెండో రోజుకే చదవగలరు. స్వెల్ట్ తన కష్టమంతా ముందే మా గదిలోనే పడి, వాడేవాళ్ల పలకకు చిన్న మూట మాత్రం పంపుతుంది. పాత పలకలకు బరువు తక్కువ.

మూడూ బాగానే ఉన్నాయి. అదే ఇబ్బంది. ఒకటి చెడ్డదైతే నాకు ఇంత ఆలోచన ఉండేది కాదు.

9వ రోజు

తొమ్మిదో వీధిలో 31.

కొలతల కోసం ఓబులమ్మ ఇంటికి వెళ్లాను. తొమ్మిదో వీధిలో చివరి ఇల్లు ఆమెది, ఊరందరి పలకల్లోకీ పాత పలకా ఆమెదే. అరవై దాటిన మనిషి. ఇంట్లో కోడలు, కోడలికి రెండు నెలల పాప. ఇంటి గోడ మీద చలువ గొట్టం నోరు, దానికి వేలాడుతూ ఒక గుడ్డపీలిక.

ఆ పీలికే మా ఊరి చట్టం. మొదట దిగినవాళ్లలో కాలువ చివరి పొలాలవాళ్లు ఎక్కువమంది. పై పొలాలు తడిశాక తమ దాకా నీళ్లు వచ్చాయో లేదో ఎవరూ చూడకుండా కాగితాల మీద అందిందని రాసుకోవడం వాళ్లు చాలా చూశారు. అందుకే నియమం పెట్టారు: ఏ వీధి వంతైనా సరే, చివరి ఇంటి పీలిక ఊగాలి, ఆ ఇంటివాళ్లు పలక మీద 'అందింది' నొక్కాలి. నొక్కేదాకా గొట్టం మూయకూడదు. తర్వాతి వీధివాళ్లు ఆగాల్సిందే. మరీ ఆలస్యమైతే కిందికి వచ్చి ఎక్కడ చిల్లి పడిందో వెతికి పూడ్చాల్సిందే.

మూడు పేజీలూ వరుసగా ఆమె పలక మీద తెరిచాను. రియాక్ట్‌ది ఏడు సెకన్లు. వ్యూ ఐదు. స్వెల్ట్ మూడు.

ఓబులమ్మ మూడింటినీ నొక్కి చూసి, "మూడూ ఒకే మాదిరి ఉండాయి గదమ్మా," అంది.

"లోపల వేరు."

"లోపల వేరయితే మాకేమి, బయటొకటే అయితే? మూడుతూర్లు యాల చేసినావు? మీ గదిలో పని తక్కువైందా?"

"ఏది తొందరగా తెరుచుకుంటుందో చూడాలి కదా ఓబులమ్మక్కా."

"తెరుచుకునేదానిదేముంది. ఈ పలక నా మాదిరి ముసిల్దైపాయ. నేనూ లేసేటప్పటికి ఇంతసేపు పడతాది. నన్ను కూడా మూడుతూర్లు రాస్తావా ఏంది."

కోడలు లోపలి నుంచి ఫక్కుమంది. పాప మెడ మీద చెమటకాయలు ఎర్రగా లేచి ఉన్నాయి. నాకూ చెమట పట్టింది. ఏడు వీధులు దిగి నడిచాను కదా అనుకున్నాను.

"గాలి రావడానికి ఎంతసేపు పడుతోంది ఈ మధ్య?"

"యాడమ్మా, శానాసేపే. పేజీ నెమ్మదయిందంట గదా, అందరూ అంటాండారు," అంది.

16వ రోజు

తొమ్మిదో వీధిలో 32.

నివేదిక ముగించాను. స్వెల్ట్ అని రాశాను, ఓబులమ్మ పలక మీద మూడు సెకన్లు అన్నది ముఖ్యమైన కారణంగా చూపించాను. తర్వాత కొట్టేసి రియాక్ట్ అని రాశాను, నేను పోయాక దీన్ని బాగుచేయాల్సినవాళ్లకు తెలిసింది అదే కనుక. మళ్లీ కొట్టేశాను. చివరికి స్వెల్ట్ అనే ఇచ్చాను. ఇచ్చిన గంటకు వెళ్లి తిరిగి అడిగాను.

ఇందు ఇవ్వలేదు. "ఇంటికి పోవే," అంది నవ్వుతూ.

ఒక విషయం మాత్రం నివేదికలో రాశాను, అది ఎందుకో ఎవరికీ పట్టలేదు. పేజీ తెరుచుకోవడంలో మూడింటికీ తేడా ఉంది. కానీ గొట్టం తెరిచినప్పటి నుంచి 'అందింది' అని కనబడేదాకా పట్టే సమయం మూడింటిలోనూ ఒకటే. పాత పేజీలోనూ అంతే. ఆ సమయాన్ని ఏ ఫ్రేమ్‌వర్కూ తగ్గించలేదు, ఎందుకంటే అక్కడ ఎదురుచూస్తున్నది మనిషి జవాబు కోసం.

20వ రోజు

తొమ్మిదో వీధిలో 32.

సభ. పదకొండు మంది పెద్దలు, ఒకటో వీధి హాలు, చల్లగా ఉంది. నా మూడు పేజీల తర్వాత ఇందు తాను రాసిన రియాక్ట్ పేజీ చూపించింది. తొమ్మిదో వీధి గొట్టం తెరవగానే, రెప్ప వేసేలోగా, పచ్చటి అక్షరాల్లో 'అందింది' అని వచ్చింది.

పెద్దలు ముందుకు వంగారు. నేను కూడా.

అది ఉత్తుత్తి జవాబని నాకు తెలుసు. సభలో చూపించడానికి అందరం అలాగే చేస్తాం. అటువైపు ఓబులమ్మ లేదు కాబట్టి ఆమె నొక్కినట్టు ఒక జవాబు ముందే పెట్టుకుంటాం. అసలు పేజీలో అది తీసేసి మనిషి జవాబు పెడతాం. తీసేస్తావు కదా అని అడగాలనిపించింది. అడిగితే ఆమెను పెద్దల ముందు అనుమానించినట్టు ఉంటుందని ఆగాను. అడగాల్సింది అడగకుండా వదిలేయడం అది మొదటిసారి.

21వ రోజు

సభ రియాక్ట్‌ను ఒప్పుకుంది. ఒప్పందం కాగితం మీద సరిపోల్చినవారి సంతకం కావాలట.

"నా నివేదికలో స్వెల్ట్ అని ఉంది కదా," అన్నాను ఇందుతో.

"ఆ పంక్తి మార్చాను. రియాక్ట్ అయితే పదిమందిమి చూసుకోగలం. స్వెల్ట్ అయితే నువ్వొక్కదానివే. నీకు జ్వరమొస్తే ఊరికి గాలి లేదా?"

ఆ వాదనలో తప్పేమీ కనబడలేదు. నా మనసులో సగం ఎప్పుడూ అదే అంటోంది. "జవాబు వినే భాగం పెట్టావా?" అన్నాను.

"నేను చూశానే, పెట్టు," అంది.

పెట్టాను.

30వ రోజు

తొమ్మిదో వీధిలో 30.

కొత్త పేజీ మొదలై ఐదు రోజులు. చుట్టు ఆరు గంటల్లో పూర్తవుతోంది, నిమిషం అటూ ఇటూ లేదు. ఒకటో వీధివాళ్లు మా గదికి అరిసెలు పంపారు. ఇందు నా చేతిలో పెద్దది పెట్టి, "నీ కొలతలవల్లే," అంది. ఊరి పలకలన్నిటి మీదా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: సరిపోల్చి చూసినవారు, వకుళ. అది చూసి నేను సంతోషపడ్డానని ఇక్కడ రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు.

37వ రోజు

తొమ్మిదో వీధిలో 30.

దగ్గు మందు కోసం ఆసుపత్రికి వెళితే అక్కడ ఓబులమ్మ కోడలు కనిపించింది. పాపను నీళ్ల గుడ్డలో చుట్టి పడుకోబెట్టారు. కళ్లు లోపలికి పోయాయి. వడదెబ్బ అంది డాక్టరమ్మ. చుట్టూ రాయి, ఎండ పొడ లేని చోట, మూడు నెలల బిడ్డకు వడదెబ్బ.

డాక్టరమ్మ పలక చూస్తూ ఆ అమ్మాయిని నిలదీస్తోంది. "మీ వీధికి రోజుకు నాలుగు వంతులూ అందినట్టు ఇక్కడ ఉంది. గాలి వచ్చే వేళకు బిడ్డను గొట్టం దగ్గర పడుకోబెట్టలేదా? వంట దగ్గర పెట్టుకున్నావా?"

ఆ అమ్మాయి తల వంచుకుని, "పడుకోబెట్నానమ్మా," అంటోంది. అంతకన్నా ఏమీ అనడం లేదు. ఎవరూ నమ్మరని ముందే తెలిసిపోయినదానిలా ఉంది. నన్ను చూసింది. చూసి ముఖం తిప్పుకుంది.

38వ రోజు

డాక్టరమ్మను అడిగి వేడి చూసే పాదరసం కొలబద్ద తీసుకుని వెళ్లాను.

తొమ్మిదో వీధి చివరి ఇంట్లో 39.

తెర మీద 30. ఆ వీధిలో వేడి కొలిచే పరికరం ఎప్పుడో పాడైంది. అందిన వంతుల లెక్క చూసి పేజీ తనంతట తాను డిగ్రీలు కట్టి చెబుతోంది. ఇది నాకు తెలిసిన విషయమే. తెలిసి కూడా ముప్పై ఏడు రోజులు ఈ పుస్తకంలో ఆ అంకెలే రాశాను.

ఓబులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గొట్టానికి వేలాడే పీలిక మారింది. ముందున్న నేత గుడ్డ లేదు, సాలెగూడులా పలచటి చీర కొంగు ముక్క ఉంది.

"ఇది ఎప్పుడు మార్చావు అక్కా?"

"కొత్త పేజీ వచ్చినాక. తెర మీద అందింది అని పచ్చగా వస్తాంది, ఈడ చూస్తే గుడ్డ ఊగదు. నువ్వు చేసిన పేజీ గదా, కొలిచి చేసినావు గదా. గుడ్డ బరువైందేమో అనుకుంటి. పాత చీర చించి పలచంది కట్నా. అదీ ఊగల్యా. కోడలిదొకటుండె, ఇంకా పలచంది, అదీ కట్నా."

ఆ కొంగు ముక్కను ముట్టుకుని చూశాను.

"అప్పటికీ 'అందలేదు' అని ఒక బొత్తాం ఉంటే నాలుగుతూర్లు నొక్కినా. 'మీ మాట చేరింది' అనె. చేరింది గదా, వస్తారులే అని చూస్తాండా."

"ఎవరూ రాలేదా?"

"నువ్వొచ్చినావు గదమ్మా," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

39వ రోజు

గొట్టాలూ యంత్రాలూ చూసే మహబూబ్ బాషా దగ్గరికి వెళ్లాను. ఇరవై ఏళ్లుగా ఊరికి చలువ పుట్టించే మూడు యంత్రాల పక్కనే బతుకుతున్న మనిషి. నన్ను చూడగానే చేతి గుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, తుడుస్తూనే ఉన్నాడు.

"తొమ్మిదో వీధికి గాలి ఎందుకు పోవడం లేదు బాషా?"

"మీకు తెల్దా మేడం?" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, "తెల్దులే," అన్నాడు. "మూడిట్లో ఒకటి పోయింది. రెండు నెలలు దాటె. రెండింటితో ఎనిమిది వీధులు సల్లబడతాయి. తొమ్మిదోదానికి పొయ్యేలోపల గాలి జోరు తగ్గి ఉడుకెక్కుతాది, గొట్టం శానాసేపు తెరిచి పెడితే గానీ గుడ్డ ఊగదు. నేను ఆ పొద్దే చెప్పినా."

"ఎవరికి?"

"ఇందుమతి మేడంకి. పెద్దలకు చెప్తానులే, యంత్రాల పుస్తకంలో రాయొద్దు, జనం బెదురుకుంటారు అనె. పేజీ నెమ్మదయింది అని చెప్పుదాం అనె."

రెండు నెలలు. నన్ను పిలిచి మూడు ఫ్రేమ్‌వర్కులు సరిపోల్చమన్నది ముప్పై తొమ్మిది రోజుల కిందట. నెమ్మదించింది పేజీ కాదు, గాలి. లేని జబ్బుకు నేను మూడు మందులు నూరాను, ఏది మెత్తగా నలిగిందో కొలిచాను, కింద పేరు రాసుకున్నాను.

40వ రోజు

పొద్దునే ఇందు రాసిన పేజీ లోపల చదివాను. గొట్టం తెరిచే బొత్తాం నొక్కిన చోటే 'అందింది' అని గీసేస్తోంది. జవాబు రాకముందే తెరను మార్చడం నేరమేమీ కాదు, చిన్నచిన్న వాటికి అందరం చేస్తాం. కాదన్న జవాబు వస్తే చెరిపేస్తాం. ఇక్కడ చెరిపే భాగం లేదు. జవాబు వినే భాగమే లేదు. 'అందలేదు' బొత్తాం నొక్కితే 'మీ మాట చేరింది' అన్న అక్షరాలు వస్తాయి, అంతే. ఆ నొక్కుడు పలక దాటి బయటికి రాదు. ఓబులమ్మ నాలుగుసార్లూ తన పలకతోనే మాట్లాడింది.

ఇందులో రియాక్ట్ తప్పేమీ లేదు. ఇదే అబద్ధాన్ని వ్యూలోనూ రాయొచ్చు. స్వెల్ట్‌లో అయితే ఇంకా నాలుగు వరుసలు తక్కువ పట్టేవి.

ఇందు వచ్చింది. నా తెర మీద ఏముందో చూసింది. తలుపు దగ్గరికి వేసింది.

"చదివావా?"

"ఎందుకు చేశావు?"

"పాత నియమం ప్రకారం అయితే చుట్టు తొమ్మిదో వీధి దగ్గర ఆగిపోతుంది వకుళా. ఒక చుట్టు ఏడు గంటలు, తర్వాత ఎనిమిది. ఆసుపత్రి ఉన్నది ఒకటో వీధిలో. బడి రెండులో. ఎనిమిది వీధులు బతకాలా వద్దా?"

"నలభై ఒక్క ఇళ్లు ఉన్నాయి అక్కడ."

"తెలుసు. మిషన్ బాగుచేస్తున్నారు. ఇంకో ఇరవై రోజులు."

"వాళ్లను పైకి తెచ్చుకోవచ్చు కదా. వీధికి ఐదేసి ఇళ్లవాళ్లు."

"ఎవరింట్లోకి? పైవాళ్లు ఒప్పుకుంటారా?"

"ఎవరైనా అడిగారా?"

ఇందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే సంతకం పెట్టవు," అంది, ఎంత మామూలుగా అంటే నేను అడిగిందే పిచ్చి ప్రశ్న అన్నట్టు. "నీ పేరు లేకపోతే కిందివాళ్లు పేజీని నమ్మరు. నేను నిన్ను వాడుకున్నానని అనుకుంటున్నావేమో. నిన్ను కాపాడాను కూడా. తెలిసి పెడితే నీది తప్పు. తెలియక పెట్టావు, నీకేం?"

ఇరవై నాలుగేళ్ల స్నేహం గురించి అప్పుడు ఏదో అనాలని ఉంది. వెనక్కి లెక్కేసుకుంటున్నాను. విశ్వవిద్యాలయంలో ఆమె నిజంగా పొయ్యి చూసి వచ్చేదా, ఊరికే అనేదా. అప్పుడు గది ఎప్పుడూ కాలిపోలేదు కాబట్టి నాకు ఎన్నటికీ తెలియదు.

"ఇరవై రోజులు నోరు మూసుకో. నాకోసం," అంది.

ఆలోచిస్తానన్నాను. నేను ఎప్పుడూ అనే మాటే. ఆమె భుజం తట్టి వెళ్లింది.

41వ రోజు

నిజంగానే ఆలోచించాను. ఇరవై రోజుల్లో యంత్రం బాగైతే? నేను నియమాన్ని తిరిగి పెట్టాక చుట్టు ఆగి, ఒకటో వీధి ఆసుపత్రిలో ఇంకొకరికి ఏమైనా అయితే? నేను కొలిచినవి ఇంతకుముందు కూడా తప్పాయి.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. పాప పాలు పట్టడం లేదు, గొట్టంతో పోస్తున్నారు. నయమయ్యాక ఎక్కడికి పంపుతారని డాక్టరమ్మను అడిగాను.

"ఇంటికే," అంది. "వాళ్ల వీధికి చలువ బాగానే అందుతోందిగా."

42వ రోజు

తొమ్మిదో వీధి చివరి ఇంట్లో 40. పాదరసం చెప్పిన లెక్క.

ఆరింటికి చుట్టు మొదలవడానికి ముందే పేజీ మార్చాను. పద్నాలుగు వరుసలు. 'అందింది' అనేది ఇక చివరి ఇంటి పలక నుంచి వస్తేనే కనబడుతుంది. 'అందలేదు' నొక్కితే ఊరి పలకలన్నిటి మీదా పడుతుంది. తొమ్మిదిన్నరకు ఆసుపత్రి డాక్టరమ్మకు అంతా చెప్పి, మంచాన ఉన్నవాళ్లకు మంచుగడ్డలు సిద్ధం చేయించాను. తర్వాత కిందికి దిగి ఓబులమ్మకు జరిగిందంతా చెప్పాను. యంత్రం గురించి, ఇందు గురించి, నా సంతకం గురించి.

వింది. లేచి గొట్టానికి వేలాడే పీలికను వేళ్లతో పట్టుకుంది.

"అయితే గుడ్డ సరిగ్గానే ఉండె," అంది.

"ఉండింది అక్కా."

"ఊరికే రెండు చీరలు చించుకుంటి."

పదకొండు ఇరవైకి తొమ్మిదో వీధి వంతు మొదలైంది. పీలిక ఊగలేదు. ఆమె 'అందలేదు' నొక్కింది. పన్నెండైంది. ఒకటో వీధికి గాలి వెళ్లాల్సిన వేళ. వెళ్లలేదు. పన్నెండున్నరకు పైవాళ్లు దిగడం మొదలుపెట్టారు, ముందు కోపంగా, పలకలు ఎత్తి చూపించుకుంటూ. ఆరో వీధి దాటాక మాటలు తగ్గాయి. ఎనిమిది దాటాక పైగుడ్డలు తీసి ముఖాలు తుడుచుకున్నారు.

ఒకటో వీధి పెద్దాయన గోడ పట్టుకుని రొప్పుతూ, "నొక్కవమ్మా ఓబులమ్మా," అన్నాడు. "పైన పిల్లోళ్లు ఉండారు."

"ఈడుండేవాళ్లు కోడిపిల్లలా?" అంది ఓబులమ్మ.

"ఆ బొత్తాం ఒక్కటి నొక్కితే పని జరుగుతాది గదా."

"అందితే నొక్కతా. అందల్యా. రాయ్యా, వచ్చి నా పక్కన కూర్చో. నీకు సల్లగ అనిపిస్తే నువ్వే నొక్కు." పలక ఆయన ముందుకు చాచింది.

ఆయన తీసుకోలేదు. ఎవరూ తీసుకోలేదు. బాషా వచ్చి యంత్రం సంగతి అందరి ముందూ బయటపెట్టాడు. ఇందు కూడా వచ్చింది. గుంపు వెనక నిలబడి, ఎవరో అడిగితే, "కొలతలు వకుళవి. సంతకం చూడండి," అంది, గొంతు కాస్త కూడా పెంచకుండా. అందరూ నా వైపు తిరిగారు.

సంతకం నాది అవునా కాదా అని పెద్దాయన అడిగాడు.

"నాదే," అన్నాను. తెలియక పెట్టానని అనొచ్చు. ఇందు నా చేతికిచ్చిన సాకు అది, దాన్ని తీసుకోబుద్ధి కాలేదు. "అడగకుండా పెట్టాను," అన్నాను.

ఒంటిగంటన్నర దాకా ఆ వేడిలో నిలబడ్డారు. పెద్దలలో ఇద్దరు కళ్లు తిరిగి కూలబడ్డాక తీర్మానం అక్కడే, నేల మీద కూర్చుని, అయింది. యంత్రం బాగయ్యేదాకా తొమ్మిదో వీధి ఖాళీ. నలభై ఒక్క ఇళ్లవాళ్లూ పై ఎనిమిది వీధుల్లో. ఎవరింట్లోకి అని అడిగితే, ఒప్పుకోరని ఇందు చెప్పిన జనం, చెమట కారుతున్న ముఖాలతో, ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. అందరూ కాదు. సరిపడా.

సంతకం నాది కాబట్టి నన్ను తెరల గది నుంచి తీసేశారు. ఇందును తీయలేదు. పద్నాలుగు వరుసలను మాత్రం ఉంచేశారు.

43వ రోజు

ఈ పుస్తకం తెరల గదిది, తిరిగి ఇచ్చేయాలి, ఇదే చివరి పేజీ.

పొద్దున చాపలూ గిన్నెలూ మూటలు కడుతుంటే ఓబులమ్మ దగ్గరికి వెళ్లాను. నాది మూడో వీధి, రెండు గదులు, ఒక్కదాన్నే. పాప నేరుగా ఆసుపత్రి నుంచి అక్కడికే రావచ్చు, దగ్గర. అన్నీ చెప్పాను.

మూట ముడి బిగించింది. "బాషా ఇంటికి పోతాండాం," అంది.

"అక్కడ ఏడుగురు ఉన్నారు కదా అక్కా. మీరు ముగ్గురు."

"ఉంటే ఏమి. ఆయప్ప చెప్పనన్నా చెప్పినాడు, రెండు నెలలు లేటుగా. మీ ఇంట్లో నిద్రపోవాలంటే నేను లేసి లేసి గొట్టం చూసుకోవాల."

నేను మూట ఎత్తబోయాను. వద్దనలేదు. పైకి నడుస్తూ ఎనిమిదో వీధి మలుపు దగ్గర ఆయాసంతో ఆగింది. ఆ పాత పలక చంకలో ఉంది.

"మళ్లా ఎప్పుడన్నా పేజీలు రాస్తే తీసుకొనిరా," అంది. "నొక్కి చూస్తా. చూసి, గుడ్డ ఏమంటాదో చెప్తా. అంతవరకే."

సరే అన్నాను. బాషా ఇంటి గుమ్మం దాకా మూట మోసి, బయటే దించి వచ్చాను.